గళ్ల చొక్కా కుట్టిందెవరు

నేను ఒక కుట్టుమిషన్‌ని. లూధియానాలో తయారై, తెనాలిలో రత్నమాంబ వరండాకు చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కానీ ఒక వారపత్రిక సీరియల్లో నన్ను పాతసామాన్లకు అమ్మేశారు. ఏది నమ్మాలో తెలియడం లేదు.

భర్త పోయాక రత్నమాంబ నన్ను కొన్నది. జాకెట్లు కుడుతుంది. మగవాళ్ల బట్టలు ముట్టదు. ఆమె అక్క కూతురు హైమ మా ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లేది. పెళ్లయి విజయవాడ వెళ్లాక సీరియళ్లు రాయడం మొదలుపెట్టింది.

హైమ రాసిన ఈ సీరియల్‌ని రత్నమాంబ నా బల్ల మీద పెట్టుకుని పైకి చదివేది. అందులో నాయికకు భర్త లేడు. జాకెట్లు కుడుతుంది. ఆమె కళ్లజోడుకు రత్నమాంబ కళ్లజోడుకున్నట్టే దారం. ఆమె మిషన్ పెడలుకు నా పెడలుకున్నట్టే ఇనపతీగ కట్టు. ఇద్దరం మురిసిపోయాం. తర్వాతి వారం నాయిక ఒక బ్యాంకు గుమాస్తాను ప్రేమించింది. అతనికి గళ్ల చొక్కా కుట్టి, లోపలివైపు చిన్న జేబు పెట్టింది.

వీధంతా చదివింది. జాకెట్లు రావడం తగ్గిపోయింది. ఎదురింటి సామ్రాజ్యం వచ్చి, ఇచ్చిన గుడ్డ వెనక్కి అడిగింది.

"ఏం వదినా, ఆ బ్యాంకాయన ఊళ్లోనే ఉన్నాడా, బదిలీ అయిపోయాడా?"

రత్నమాంబ గుడ్డ మడిచి ఇచ్చేసింది.

ఆదివారం హైమ వచ్చింది.

"రాసుకోడానికి నేనే దొరికానటే నీకు?"

"కళ్లజోడు, మిషనూ నీవి పిన్నీ. మిగతాదంతా కల్పన."

"లోపలి జేబు కూడానా?"

హైమ లేచి చేతిసంచి అందుకుంది. నా మీద చొక్కా ఒక్కటే కుట్టారు. కుట్టింది హైమ, కాలేజీ రోజుల్లో, లోపలి జేబుతో సహా. ఇంట్లో ఎవరూ లేరనుకుంది. ఆ సాయంత్రం రత్నమాంబ గళ్ల గుడ్డ ముక్కలు ఊడ్చింది. ఏమీ అడగలేదు.

"మీ ఆయన చదివాడా?"

"వారం వారం చదువుతున్నారు. పాపం మీ పిన్ని, అంటారు."

హైమ చెప్పులు వేసుకుంటుండగా సామ్రాజ్యం గుమ్మంలోకి వచ్చింది.

"రచయిత్రిగారున్నారే. నువ్వే చెప్పమ్మా, ఆ బ్యాంకాయన సంగతి నిజమేనా?"

హైమ నోరు తెరిచింది. రత్నమాంబ నా చక్రం మీద చెయ్యి వేసింది.

"దాన్నడుగుతావేం? నన్నడుగు. బదిలీ అయిపోయాడు."

సామ్రాజ్యం వెళ్లిపోయింది. హైమ అక్కడే కూర్చుండిపోయింది. రత్నమాంబ సూదికి దారం ఎక్కించి పెడలు తొక్కింది. సూది కింద గుడ్డ లేదు. ఆ చొక్కా ఎవరు కుట్టారని ఇప్పుడు ఎవరైనా అడిగితే, నేను కూడా సరిగ్గా చెప్పలేను.