సత్తియ్య బెల్లానికి ఏ నంబరు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాయితం చీటీలకు అలవాటుపడ్డ వాళ్ల మధ్య కంప్యూటరు పెట్టించడమంటే మాటలు కాదు. ప్రోగ్రాములు రాసే సుమశ్రీ ఆర్నెల్లు కాళ్లరిగేలా తిరిగితే షావుకారు త్రినాధరావు ఒక్క రోజు పరీక్షకు ఒప్పుకున్నాడు. ఇవాళ తప్పితే మళ్లీ గడప తొక్కనివ్వడు.

తప్పనే తప్పింది. రైతు సత్తియ్య తెచ్చిన పసుపుపచ్చటి బెల్లం పెద్ద తెర మీద పోతురాజు పేరున కనిపించింది. పోతురాజుది నాసిరకం నల్లబెల్లం. మార్కెట్టంతా గొల్లున నవ్వింది.

“ఏటి పాపా ఇది? సేతులు కాల్సుకుని వండేను. ఆడి పేరు మీద రాసేత్తావా?” అన్నాడు సత్తియ్య.

“పది గంటలకి వేలంపాట. ఈలోగా అవకపోతే చీటీలే గతి,” అన్నాడు త్రినాధరావు. ఇంకా అరగంటే ఉంది.

తప్పు వెంటనే దొరికింది. ప్రోగ్రాములో బెల్లం కుప్ప వివరాలకు మూసగా సుమశ్రీ రాసిన క్లాసు, రెండు తల్లిక్లాసుల్లో ఉన్నవన్నీ పుణికిపుచ్చుకున్న వారసురాలు: ఒకటి తూకానిది, రెండోది వేలానిది. రెండింట్లోనూ ‘నంబరు’ ఉంది. ఒకచోట అది కాటా ఎక్కిన వరస, మరోచోట పాటలో కుప్ప వరస. ఉత్తినే నంబరడిగితే ప్రోగ్రాము గుట్టుచప్పుడు కాకుండా మొదటి క్లాసుదే ఇచ్చేస్తోంది. సత్తియ్య బెల్లం కాటా ఎక్కింది మూడోదిగా. పాటలో మూడో కుప్ప పోతురాజుది, అందుకే తెర మీద ఆ పేరు పడింది.

క్లాసుల వరస తిప్పింది. తెర బాగుపడింది, తూకం రసీదులు పాడయ్యాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు ఏడుపొచ్చింది.

పక్కనే కూలబడ్డ సత్తియ్య ఆమె మొహంలోకి చూశాడు. “నువ్వు అప్పలనర్సమ్మ మనవరాలివి కదేటి?”

“మా నాన్నమ్మా, అమ్మమ్మా ఇద్దరూ అప్పలనర్సమ్మలే తాతా. ఏ ఊరావిడ, కొండకర్లావిడా, రాంబిల్లావిడా?” అని అడుగుతూనే ఆగిపోయింది.

ఈ చుట్టుపక్కల ఇంటికో అప్పలనర్సమ్మ ఉంటుంది. ఊరు చెప్పకుండా అడిగేవాడికి జవాబివ్వడం బుద్ధిలేని పని. ప్రోగ్రాము చేస్తున్నదదే.

ఆమె వేళ్లు పరుగెత్తాయి. తల్లిక్లాసుల్లో ఒక్క అక్షరమూ ముట్టుకోలేదు. కుప్ప క్లాసులోనే కొత్తగా రాసింది: రసీదుకు తూకం క్లాసు పేరు పెట్టి నంబరు అడగాలి, తెరకు వేలం క్లాసు పేరు పెట్టి అడగాలి. ఏ పేరూ పెట్టకుండా అడిగితే జవాబివ్వకుండా తప్పని అరవాలి.

పది కొట్టింది. నూట ఇరవై కుప్పలు, ఒక్కటీ తారుమారు కాలేదు. నమ్మకం చాలక త్రినాధరావు ప్రతి కుప్ప దగ్గరా నిలబడి రసీదూ తెరా సరిచూశాడు. సత్తియ్య బెల్లం ఆరోజు అందరికన్నా ఎక్కువ ధర పలికింది, సత్తియ్య పేరుతోనే.

ఇందాక పగలబడి నవ్విన వ్యాపారులే సుమశ్రీ చుట్టూ మూగారు. “మా కొట్లో ఎప్పుడు పెడతావమ్మా?”

“ఉండండహె, ముందు నాది,” అంటూ త్రినాధరావు అడ్డంగా నిలబడ్డాడు. “పాపా, రేపు ఏడింటికల్లా వచ్చీ. సీజనంతా నీ తెర మీదే పాట.”

సరేనందామని నోరు తెరిచింది సుమశ్రీ. ఆనందం పట్టలేక మార్కెట్టంతా వినబడేలా నవ్వేసింది.