అందరూ రెండో స్థానమిచ్చిన కుట్టుగది

మా సముదాయంలో నలభై ఇళ్లకు కలిపి కింద ఒక్కటే ఉమ్మడి గది. అందులో మిషను పెట్టుకుని ఒక అమ్మాయి బట్టలు కుడుతుంది. మూడో అంతస్తులో ఆమె ఉండే ఒంటిగదిలో తల్లి మంచం పోగా మిషనుకు చోటు లేదు. నా భార్య చనిపోయిన ఏడాది, చిరిగిన కాలరు బాగుచేయమని ఆమెకు చొక్కా ఇచ్చాను. ఊడిన గుండీలు రెండు కూడా కుట్టి, ఆ మాట చెప్పకుండానే మడతపెట్టి ఇచ్చింది.

ఆ గది ఏడాదిపాటు దేనికి వాడాలన్నది ఈసారి ఓటుకు వచ్చింది. వెనక భవనానికి వ్యాయామశాల కావాలి, ముందు భవనానికి పిల్లల ఆటగది. మిగిలినవాళ్లు కుట్టుగదినే ఉండనిద్దామన్నారు. కాలేజీలో గణాంకశాస్త్రం చదివిన పాపానికి ఓట్లు లెక్కపెట్టే పని నాకు అంటగట్టారు.

ముందు నమూనా ఓటింగు జరిపి ఫలితం నోటీసు బోర్డు మీద అంటించాను. వ్యాయామశాల పదహారు, ఆటగది పదమూడు, కుట్టుగది పదకొండు.

"ఇంకేం, ఎక్కువ వచ్చినవాళ్లదే గది" అన్నాడు వెనక భవనం కార్యదర్శి మీసం దువ్వుతూ. నాలుగేళ్లుగా ఆ పదహారు ఓట్లతోనే వాళ్లు అన్నీ గెలుస్తున్నారు.

"ఇరవై నలుగురం వద్దంటుంటే అది గెలుపెట్లా అవుతుంది?" అంది ముందు భవనం మందులషాపావిడ. "ఆఖరున ఉన్నదాన్ని తీసేసి, దానికి ఓటేసినవాళ్ల రెండో కోరిక ఎటుంటే అటు కలపాలి."

"అంటే మీ ఆటగదిలో కలపాలి. కుట్టుగదివాళ్లలో ఎక్కువమందికి రెండోది అదేగా. ఎంత ధర్మబుద్ధి వదినగారూ!"

ఇద్దరూ నావైపు చూశారు. మొదటి కోరికకు రెండు మార్కులు, రెండోదానికి ఒకటి, మూడోదానికి సున్నా వేద్దామన్నాను. ఇద్దరూ వెంటనే సరేనన్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారా అని నాకు వింతగా తోచింది.

సాయంత్రం మెట్ల దగ్గర సంగతి తెలిసింది. "మనకు పోటీ ఆటగదే. దాన్ని అడుగున పడేయండి. రెండోది కుట్టుగదికి రాయండి, అదెటూ గెలవదు" అని కార్యదర్శి తనవాళ్లకు చెబుతున్నాడు. ముందు భవనం గుమ్మంలో మందులషాపావిడ గొంతు: "వ్యాయామశాలకు సున్నా! రెండోది ఆ పిల్లకు పడేయండి, మన సొమ్మేం పోయింది?"

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. మనుషులు ఆ నలభై మందే, వాళ్ల మొదటి ఇష్టాలూ అవే. ఒక పద్ధతిలో వ్యాయామశాల, ఇంకో పద్ధతిలో ఆటగది, మూడోదానిలో ఇద్దరూ లెక్కలోకి తీసుకోని మిషను గెలుస్తున్నాయి! రెండుసార్లు సరిచూశాను. ఓట్లు లెక్కపెట్టేవాడు ముందుగా నోరు విప్పకూడదని మా నియమం. ఆ నియమం ఆ పూట నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆదివారం పొద్దున అందరి ముందూ చదివాను. ఆటగదికి ముప్పై నాలుగు, వ్యాయామశాలకు ముప్పై అయిదు, కుట్టుగదికి యాభై ఒకటి.

"మళ్లీ లెక్కపెట్టండి మాస్టారూ!" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. నాలుగేళ్లలో వాళ్లు ఏకమైన మాట అదొక్కటే. మళ్లీ లెక్కపెట్టాను. అంతే వచ్చింది.

జనం వెళ్లాక కుట్టే అమ్మాయి మెల్లగా అడిగింది. "బాబాయిగారూ, నిజంగా అంతమందికి నేను కావాలా?"

అవునంటే సంతోషిస్తుంది. కానీ అబద్ధం నోటికి రాలేదు. "పదకొండు మందికి కావాలమ్మా. మిగతావాళ్లకు పక్కవాడు గెలవకుండా ఉంటే చాలు."

ఆమె ఫక్కున నవ్వింది. "పోనీలెండి. వచ్చే ఏడాది ఈ ఎత్తు పారదుగా?"

"పారదు. ఈసారి ఇద్దరికీ తెలిసిపోయిందిగా."

"అయితే నాకు ఏడాది టైముంది" అని గది తలుపు బార్లా తెరిచి, అటుగా వెళ్తున్న మీసాల కార్యదర్శిని కేకేసింది. "అన్నయ్యా, మీ ప్యాంటు జిప్పు పోయిందని వదిన చెప్పింది. పట్టుకురండి!"