వెంట నడిచే పిండి

బేకరీ ఆయన పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని మెట్లు దిగేవాడు. ఆయన వెనకాలే పిండి దిగేది. ఇందులో వింతేం లేదు. వాళ్ల నాన్న వెనకా దిగింది, తాత వెనకా దిగింది. చాటెడు మైదాపిండి, పెంపుడు పిల్లిలా నేల మీద మెత్తగా పాకుతూ, ఆయన ఆగితే ఆగేది, కూర్చుంటే ఒళ్లోకెక్కేది. స్నానం చేసి ఒళ్లు తుడుచుకునేలోపే మళ్లీ భుజాల మీదా, మొహం మీదా ఉండేది. ఆయన తుమ్మితే నాలుగు వీధుల అవతలివాళ్లు కూడా ఉతికిన బట్టలు లోపలికి తీసుకునేవారు.

పిండి ఎవరి వెంట నడిస్తే వాళ్లే ముద్ద కలపాలి, అది ఆ ఇంటి పద్ధతి. అందుకని ఆయన భార్య కాపురానికొచ్చిన నాటినుంచీ కౌంటర్ దగ్గరే కూర్చుని బన్నులు పొట్లాలు కట్టేది. పిండి ఆమె వంక తిరిగి చూసిన పాపాన పోలేదు. ఆయన అక్క మాత్రం పక్కవీధిలోంచి రోజూ వచ్చి, "ఏమే, నేనీ ఇంటి పిల్లని కానా? నాలో ఏం తక్కువైందే?" అని పిండిని నిలదీసి, చేతిలో ఓ కేకు ముక్కతో ఇంటికి పోయేది.

ఇలా ఉండగా ఆయన చిక్కిపోవడం మొదలెట్టాడు. ఎంత చిక్కాడంటే, గాలికి ఎగిరిపోకుండా జేబుల్లో తూకం రాళ్లు వేసుకుని తిరిగేవాడు. ఏం తిన్నా పొట్ట ఉబ్బేది, తిన్నది తిన్నట్టే పోయేది. మెట్లెక్కడం మొదలుపెడితే పైకి చేరేసరికి గడ్డం పెరిగేది.

డాక్టరమ్మ రక్తం తీసింది. గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక మొగుడూ పెళ్లాల్ని ఎదురుగా కూర్చోబెట్టింది.

"దీన్ని సీలియాక్ అంటారు. గోధుమలో గ్లూటెన్ అని ఓ జిగురుంటుంది. అది లోపలికెళ్లగానే మీ ఒళ్లే మీ పేగు మీద యుద్ధానికొస్తోంది. మఖమల్ గుడ్డలా ఉండాల్సిన పేగు అరిగి గచ్చులా అయిపోయింది."

"మందేంటండీ?" అంది భార్య.

"మానడమే మందు. జన్మంతా. గోధుమ, బార్లీ, రై, ఈ మూడు ధాన్యాలూ వద్దు. అన్నం తినండి, మొక్కజొన్న తినండి, గుడ్లు, మాంసం, కూరలు, పళ్లు, మీ ఇష్టం." డాక్టరమ్మ బల్ల కిందికి వంగి చూసింది. "ఇదీ మీతోపాటే వచ్చిందా?"

"ఎక్కడికైనా వస్తుందండీ. కరవదు."

"ఇకమీదట రాకూడదు. ఊపిరితో నోట్లోకి పోయి మింగినా చాలు, పేగు మానదు. ఇది మీతో ఉన్నంతకాలం మీరు కోలుకోరు. ఇలాగే వదిలేస్తే మిమ్మల్ని మోసుకురావాల్సి ఉంటుంది."

ఆయా చీపురు పట్టుకొచ్చింది. పిండి ఆయన చెప్పుల్లో దూరింది.

ఇంటికొచ్చాక భార్య పాత గిన్నెలన్నీ కిందికి దింపేసి కొత్తవి కొంది. గరిటెలు వేరు, జల్లెడ వేరు, ఉప్పుడబ్బా కూడా వేరు. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని బేకరీలో పనిచేసి, పైకొచ్చి అన్నమే తినేవాడు. అయినా మనిషి తేరుకోలేదు. భార్యకి అనుమానం వచ్చి ఓ పొద్దున కిందికి దిగి చూసింది. ఆయన గుడ్డ పక్కకి లాగి, చిటికెడు పచ్చి ముద్ద నాలిక మీద పెట్టుకుని, చప్పరించి ఉమ్మేస్తున్నాడు.

"అయ్యో అయ్యో! ఏంటండీ ఆ పని?"

"ఉప్పు చూస్తున్నా."

"రోజూ చూస్తున్నారా?"

"ప్రతి ముద్దకీ చూడాలి కదా. ఉమ్మేస్తున్నాగా! మింగితేనే తప్పు."

"అద్దెకు తెచ్చుకున్న నాలికా అది, మీ పేగుతో దానికి సంబంధం లేకపోవడానికి?"

ఆయన జవాబు చెప్పబోయి, పొయ్యి ముందే కూలిపోయాడు. డాక్టరమ్మ చెప్పినట్టే మోసుకెళ్లారు. వారం తర్వాత తిరిగొచ్చినవాడు బేకరీ గుమ్మం తొక్కలేదు. వీధికి అటువైపు, దర్జీ కొట్టు పైన, ఓ గది అద్దెకి తీసుకున్నాడు. పొయ్యి చల్లారింది. ఊళ్లో జనం పొద్దుటిపూట ఏం తినాలో తెలీక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పిండి వీధి దాటింది. ఆయన తలుపు కింద తడిగుడ్డ అడ్డం పెట్టాడు. పిండి గుమ్మం ముందు పడుకుంది. "పో," అన్నాడాయన లోపల్నుంచి. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, పిండి దాన్ని "రా" అనే అర్థం చేసుకుని తాళం కన్నంలోంచి రావడం మొదలెట్టింది. ఆయన దగ్గుతూ కన్నంలో గుడ్డ కుక్కి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. అటు పిండీ, ఇటు మనిషీ, ఇద్దరూ తిండి మానేశారు.

తర్వాత వాన కురిసింది. ఊరు ఊరంతా పడవలేసుకు తిరిగిన వాన. తెరిపిచ్చేసరికి పిండి మెట్ల మీద ఉండలు ఉండలుగా, బూడిదరంగు తిరిగి పడుంది. అక్క పరిగెత్తుకొచ్చి చేతులు చాపింది.

"రావే తల్లీ, మనింటికి పోదాం. నీకు వాడి గొడవెందుకు?"

పిండి కదల్లేదు. అప్పుడొచ్చింది భార్య, చేతిలో జల్లెడ.

"సిగ్గులేదూ నీకు? ఆయన్ని చంపి ఎవరి ఒళ్లో కూర్చుంటావ్?" అని తిడుతూనే, మొత్తం గోకి పళ్లెంలోకెత్తి, వీధిలోనే ఎండబెట్టింది. ఉండల్ని వేళ్లతో చిదిపింది. పురుగు ఏరింది. తిట్టు తిట్టుకీ ఓసారి జల్లించింది, అంటే చాలాసార్లే జల్లించింది. సాయంత్రానికి పిండి వెన్నెలంత తెల్లగా లేచి కూర్చుంది. ఆమె జల్లెడ దులుపుకుని వీధి దాటుతుంటే, పిండి ఓసారి పైకి, ఆ తలుపు వైపు చూసింది. తర్వాత ఆమె వెంట నడిచింది.

"అన్యాయం!" అంది అక్క. "బయటినుంచి వచ్చిన పిల్ల వెంటా?"

భార్య కూడా సంతోషించలేదు. "నాకెందుకే ఈ కర్మ," అని గొణుక్కుంటూనే పొయ్యి ముట్టించింది. మొదటివారం ఆమె బ్రెడ్డుతో జనం గోడలకి మేకులు కొట్టుకున్నారు. తర్వాత తినడం మొదలెట్టారు. ఆపైన వేరే ఊళ్లనుంచి కూడా వచ్చి వరసలో నిలబడ్డారు.

పని ముగిశాక ఆమె తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని మొగుడి గదికి బయల్దేరేది. పిండి వీధి మధ్యదాకా వచ్చేది. "ఇక్కడే ఉండు," అంటే అక్కడే కూర్చునేది. లారీలు దాన్ని తప్పించుకుని పోయేవి.

ఓ రోజు ఆయన బంగాళాదుంపలు ఉడకేసి తలుపు తీశాడు. బుగ్గలొచ్చాయి, తలుపు నిండా ఉన్నాడు. ఆమె పళ్లెం అందుకోబోయి ఆగింది. ఆయన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ఈ చెవి పక్కన పుట్టుమచ్చ ఎప్పట్నుంచండీ?"

"పుట్టినప్పట్నుంచే అయ్యుండాలి."

"ఇన్నేళ్ల కాపురంలో నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ నిన్ననే చూశాను," అన్నాడాయన.