టక్‌మన్నప్పుడు ఆపాలి

ఉద్యోగం పోయాక అతను ఇంట్లో మొదట బిగించింది వంటగది కుళాయి. రెండేళ్ళుగా చుక్క చుక్క కారుతున్న కుళాయి అది. జీతం వచ్చినన్నాళ్ళూ దాని కింద ఒక గిన్నె పెట్టి ఇంటిల్లిపాదీ సర్దుకుపోయారు. ఇంటిపట్టున ఉండిపోయిన మూడో రోజు పొద్దున ఆ చుక్కల చప్పుడు అతని చెవిన పడింది. లేచి స్పానర్ తీసుకొని బిగించాడు. కారడం ఆగింది. ఆగింది సరే, ఆ రోజు నుంచి దాన్ని తిప్పడం అతని తల్లి వల్ల కాలేదు. భార్య కూడా రెండు చేతులూ వేసి, పళ్ళు బిగబట్టి తిప్పాల్సి వచ్చేది.

తర్వాత కిటికీ రెక్కల వంతు వచ్చింది. తర్వాత కుర్చీల కాళ్ళు, మంచం బోల్టులు, గోడ మీది అల్మరా, బాత్రూం గడియ. నాలుగు నెలల్లో ఆ రెండు గదుల ఇంట్లో అతని చెయ్యి పడని మర లేదు. సగం వస్తువులు గట్టిపడ్డాయి. సగం విరిగాయి. విరిగినవాటిని మళ్ళీ అతుకుపెట్టి మళ్ళీ బిగించేవాడు.

"ఇక దొంగలు పడ్డా మనకి భయం లేదమ్మాయ్," అంది తల్లి కోడలితో, పంచదార డబ్బా మూతతో కుస్తీ పడుతూ. "ఒక్క వస్తువు కదిలితే ఒట్టు. మావాడు ఇల్లంతా భూమికి దిగ్గొట్టేశాడు."

భార్య పక్కున నవ్వింది. అక్కడ నవ్వాలని అతనికీ తెలుసు. పెదాలు సాగదీసి ఊరుకున్నాడు.

కొన్నాళ్ళుగా అతని వరస అంతే. ఫ్యాక్టరీ మూసేసిన రోజు గేటు దగ్గర కొందరు ఏడ్చారు, కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు, పెయింటింగ్ సెక్షన్ పెద్దాయన హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. ఇతనికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, "మూసేశారు," అన్నాడు, వాన వెలిసిందన్నట్టుగా. భార్య గుండెలు బాదుకోలేదు గాని, ఆ పూట అన్నం మాడబెట్టింది. మాడిందని కూడా అతను గమనించలేదు, తినేశాడు.

వీధి అంతటా అదే పరిస్థితి. ఎదురింటాయన కారు అమ్మేసి పాత సైకిల్‌కి రంగు వేసుకుంటున్నాడు. పక్కింటి టీచరమ్మ డాబా మీద విరిగిన బకెట్లలో టమాటా మొక్కలు వేసింది. పై వాటా నర్సు తన చెప్పులు తనే కుట్టుకుంటోంది, వంకర కుట్లతో. రేపేమవుతుందో ఎవరికీ అంతుపట్టడం లేదు గనక, ఉన్నదాన్ని ఇంకో ఏడాది ఎలా లాగాలా అన్నదే అందరి ధ్యాస. అలాంటి రోజుల్లో పొద్దున్నే స్పానర్ పట్టుకొని కూర్చునే మనిషిని చూసి జనం మెచ్చుకునేవారు. "మీ ఆయనకి పని వచ్చు, నీకేం," అనేవారు భార్యతో. తనకి పని వచ్చనే అతనూ అనుకునేవాడు.

అతని పని ఏమిటంటే, నీళ్ళ మోటార్ల ఫ్యాక్టరీలో మోటారు మూత బిగించడం. మూతకి ఆరు బోల్టులు. పంతొమ్మిదేళ్ళ పాటు రోజుకి రెండు వందల మూతలు. బిగించడానికి ఒక ప్రత్యేకమైన రెంచి ఉండేది. ఎంత బిగించాలో పొద్దున్నే సూపర్‌వైజర్ దాని పిడి మీద అంకె తిప్పి ఇచ్చేవాడు. బోల్టు అంతవరకు బిగియగానే రెంచి 'టక్' మనేది. టక్‌మంటే ఆపాలి, తర్వాతి బోల్టుకి పోవాలి. అంతకుమించి ఆలోచించే పని లేదు. ఆఖరి రోజున ఆ రెంచిని స్టోరులో అప్పజెప్పాడు. స్టోర్‌కీపర్ దాన్ని గుడ్డతో తుడిచి, సొరుగులో పెట్టి, సంతకం పెట్టించుకున్నాడు.

ఇంట్లో ఉన్నది మామూలు స్పానరూ, ఒక స్క్రూడ్రైవరూ. అవి టక్‌మనవు.

ఇప్పుడు ఇల్లు నడుస్తున్నది భార్య కుట్టుమిషను మీద. కాలితో తొక్కే పాత మిషను. ఒక ఆసుపత్రివాళ్ళు శుక్రవారానికి నలభై కర్టెన్లు కుట్టి ఇమ్మన్నారు. అవి నచ్చితే ఏడాది పొడుగునా దుప్పట్లూ, దిండు గలీబులూ అన్నీ ఆమెకే ఇస్తామన్నారు. నచ్చకపోయినా, ఒక్క రోజు ఆలస్యమైనా ఇంకొకరికి. ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి ఆమె పొద్దస్తమానం తొక్కుతూనే ఉంది. ఆదివారం సాయంత్రానికి కుడి మోకాలు వాచిపోయింది. వేడి గుడ్డ కాపడం పెట్టుకుంటూ ఆమె మూలుగుతుంటే అతను విన్నాడు. జాలి కలగాలి. కలగలేదు. మిషనుకి మోటారు పెట్టాలన్న ఆలోచన మాత్రం వచ్చింది.

"దాని జోలికి మాత్రం రాకండి, మీకు పుణ్యం ఉంటుంది," అంది భార్య.

"కాలు చూసుకున్నావా?"

"చూసుకున్నాను. నా కాలు వాస్తే తగ్గుతుంది. మిషను పోతే రాదు."

"మోటారు గురించి నాకు తెలియదా? నా బతుకంతా మోటార్లే కదా," అన్నాడు.

ఆ మాటకి ఆమె మెత్తబడింది. మోకాలి నొప్పి కూడా కొంత నచ్చజెప్పి ఉంటుంది.

పాడైపోయి అటక మీద పడున్న మిక్సీలో మోటారు ఇంకా బతికే ఉంది. సోమవారం అంతా కూర్చొని దాన్ని విప్పి, ఇనప పట్టీతో బల్ల కింద బిగించి, బెల్టు తొడిగి, కాలి కింద నొక్కే స్విచ్చు పెట్టాడు. వేగం తగ్గించే ఏర్పాటు కుదిరేసరికి సాయంత్రమైంది. భార్య బెరుకుగా కూర్చొని కాలి బొటనవేలితో అలా నొక్కింది. మిషను దానంతటదే కుట్టుకుపోయింది. ఒక కర్టెను నిలువంచు మొత్తం, ఆమె కాలు కదపకుండానే.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి," అని కేకేసింది. ముసలావిడ వచ్చి చూసి, కొడుకు వీపు మీద చరిచి, "ఇన్నాళ్ళకి ఒక్కటి విరగ్గొట్టకుండా చేశావురా నాయనా," అంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ అతని చేతులు ఊరుకోవు కదా.

మంగళవారం పొద్దున భార్య దారం కొనడానికి బజారుకి వెళ్ళింది. మోటారు అదురుకి లోపల మరలు వదులవుతాయేమోనని అతనికి అనుమానం వచ్చింది. మిషనుని వెనక్కి వాల్చి, దాని కడుపులోకి చూశాడు. కింది దారం చుట్టిన బాబిన్ తిరిగే గుండ్రటి గూడు ఒకటి ఉంది, పోత ఇనుముది, మూడు మరలతో బిగించి. మొదటి మర బిగించాడు. రెండోది బిగించాడు. మూడోదాన్ని ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ తిప్పుతుంటే లోపల్నుంచి 'టక్' మంది.

చెయ్యి ఠక్కున ఆగింది.

ఆ చప్పుడు విని నాలుగు నెలలైంది. ఒంట్లో ఎక్కడో హాయిగా అనిపించింది. సరిగ్గా ఎంత కావాలో అంతే బిగిసిందనుకున్నాడు. మిషను మళ్ళీ నిలబెట్టి, చేతులు కడుక్కొని, టీ పెట్టుకొని తాగాడు. చాలా రోజుల తర్వాత టీలో పంచదార తక్కువైందని తెలిసింది.

భార్య వచ్చి కూర్చుంది. ఆరు కుట్లు పడ్డాయో లేదో గరగరమంది, సూది రెండు ముక్కలై ఎగిరింది. ఆమె మిషను వాల్చి చూసింది. బాబిన్ గూడు నిలువునా పగిలి, చిన్న ముక్క కింద రేకులో పడి ఉంది.

ఆమె ఆ ముక్కని చేతిలోకి తీసుకుంది. "ఎప్పుడు?" అంది.

"పొద్దున."

"చప్పుడు రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"చప్పుడొచ్చాకే ఆపాను," అన్నాడు.

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఆమెకి భయం వేసింది, మిషనుని చూసి కాదు. పగిలిన ముక్కని జేబురుమాల్లో చుట్టి అతని చేతిలో పెట్టి, "సూది తాత దగ్గరకి వెళ్ళండి," అంది.

సూది తాత అంటే రెండు వీధుల అవతల కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన. చొక్కా కాలరుకి ఎప్పుడూ ఒక సూది గుచ్చుకొని ఉంటాడని ఆ పేరు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని రిపేర్లు మానేసి, పాత మిషన్ల విడిభాగాలు అమ్ముకుంటున్నాడు. ఆయన ముక్కని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఎవడయ్యా ఈ మహానుభావుడు? సుత్తి పెట్టి కొట్టాడా?"

"నేనేనండి. బిగించాను."

"ఎక్కడ ఆపాలో తెలియదూ?"

"మాకు రెంచి చెప్పేదండి."

"రెంచి చెప్పడమేమిటి?"

అతను చెప్పాడు, ఆరు బోల్టులూ, అంకే, టక్కూ. తాత నోరు తెరుచుకొని విన్నాడు. తర్వాత ఒక చెక్కముక్కా, ఒక మరా, స్క్రూడ్రైవరూ అతని ముందుకు తోశాడు. "దీన్ని బిగించు చూద్దాం."

బిగించాడు. మర తల చెక్కలోకి దిగిపోయింది, చుట్టూ చెక్క చిట్లింది. ఇంకా తిప్పుతూనే ఉంటే తాత చెయ్యి పట్టుకొని ఆపాడు.

"చెక్క చిట్లుతుంటే నీ చేతికి తెలియలేదా?"

అతను తన చేతిని చూసుకున్నాడు. బలమైన చెయ్యే. అరచేతిలో కాయలు కాసి, మందంగా ఉంది. "తెలియలేదండి," అన్నాడు.

"పంతొమ్మిదేళ్ళు చేశానంటివి?"

"చేశానండి."

తాత విడిభాగాల పెట్టె ముందుకు లాక్కున్నాడు. ఆ పంతొమ్మిదేళ్ళూ పని తెలిసింది రెంచికి. దాన్ని అతనే చేతులారా సొరుగులో పెట్టించి, సంతకం పెట్టి వచ్చాడు. ఆ సంగతి అతనికి ఆ దుకాణంలో, ఆ స్టూలు మీద కూర్చొని ఉండగా అర్థమైంది. అర్థమైంది గాని, బాధ ఇంకా ఎక్కడో దూరంగానే ఉంది.

తాత వెతికి వెతికి ఒక బాబిన్ గూడు తీసి ఇచ్చాడు. "ఇదొక్కటే ఉంది. ఈ మిషన్లు రావడం మానేసి ఇరవై ఏళ్ళయింది. ఇదీ పగలగొట్టావంటే ఇక ఆ మిషను మీద పూలకుండీ పెట్టుకోవడమే. మీ ఆవిడని బిగించమను. రోజూ సూది మార్చే చెయ్యి, దానికి తెలుస్తుంది."

ఇంటికొచ్చి గూడు భార్య ముందు పెట్టాడు. "నువ్వే బిగించు. నేను ముట్టుకోను," అన్నాడు.

ఆమె ప్రయత్నించింది. గూడుని రెండు చేతులతో, ఒక వాలులో పట్టుకుంటే గాని సూది సరిగ్గా దాని మధ్యకి దిగడం లేదు. వదిలిపెట్టి స్క్రూడ్రైవర్ అందుకునేలోపు జరిగిపోతోంది.

"నేను పట్టుకుంటాను, నువ్వు బిగించు," అన్నాడు.

"ఎలా పట్టుకోవాలో మీకు తెలియదు. నేను పట్టుకుంటాను, మీరే బిగించండి. కూర్చోండి."

"ఇదొక్కటే ఉందన్నాడే తాత."

"వినబడింది. కూర్చోండి."

నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు, వాల్చిన మిషను మధ్యలో. ఇంకా ముప్ఫై ఒక్క కర్టెన్లు గోడ పక్కన గుట్టగా పడున్నాయి. మొదటి మర పెట్టి తిప్పాడు. మర బిగియగానే ఆమె, "చాలు," అంది. అతని చెయ్యి అలవాటుకొద్దీ ఇంకాస్త కదలబోయింది.

"చాలన్నానా?"

ఆపాడు. ఆమె సూదిని కిందికి దింపి చూసుకుంది, సరిపోయింది. రెండో మర. ఈసారి మెల్లగా తిప్పాడు. "చాలు," అంది ఆమె. అన్న మరుక్షణం ఆపాడు.

మూడోది. పొద్దున పగిలింది దీని దగ్గరే. మర లోపలికి నడిచింది, కూర్చుంది, బరువెక్కింది. అతను ఆమె మాట కోసం చూస్తున్నాడు. ఆమె అనలేదు. ఇంకొక వెంట్రుకవాసి తిప్పాడు. ఆమె అనలేదు. స్క్రూడ్రైవర్ పిడి అరచేతి కాయల కింద వత్తుకుంది, మణికట్టు దగ్గర నరం లాగింది. ఇందాక రెండు మరల దగ్గరా ఆమె మాట వచ్చినప్పుడు సరిగ్గా ఇక్కడే, ఇంతే లాగింది. ఆపేశాడు.

"చెప్పవేం?" అన్నాడు.

"మీరు ఆపారుగా," అంది.

సూది దింపి చూసింది. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పింది. ఎక్కడా రాసుకోలేదు.

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టబోయాడు, వేళ్ళు విడవలేదు. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ తిప్పి ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసింది. కర్టెన్లు, ఆసుపత్రి, ఆమె మోకాలు, అమ్మ పంచదార డబ్బా, ఇల్లు. అన్నీ ఒక్కసారిగా వచ్చి గుండె మీద పడ్డాయి. భయం వేసింది. నాలుగు నెలల కిందట గేటు దగ్గర వేయాల్సిన భయం.

"నా ఉద్యోగం పోయిందే," అన్నాడు భార్యతో, అప్పుడే కబురు తెచ్చినవాడిలా.

"తెలుసండి," అంది ఆమె. అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి స్క్రూడ్రైవర్ తీసుకుంది.

అతను మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడ్చాడు. వంటింట్లోంచి తల్లి ఏమిటా అని తొంగి చూసింది. కోడలు వద్దన్నట్టు తల ఊపితే వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె మిషను నిలబెట్టి, కొత్త సూది పెట్టి, దారం ఎక్కించి, ముప్ఫై ఒక్క కర్టెన్లలో మొదటిదాన్ని ఒళ్ళోకి లాక్కుంది.