తాడు పట్టేవాళ్ళు

పాతాళం గునపం గోడకు ఆనించి, రెండు చేతులతో బురద ఎత్తి బుట్ట నింపాడు. తాడు గుంజి సైగ చేశాడు. పైన గిలక కిర్రుమంది. బుట్ట గోడలకు కొట్టుకుంటూ, అతని నెత్తిన మట్టిపెళ్ళలు రాలుస్తూ, ఆగి ఆగి పైకి పోయింది. తలెత్తి చూస్తే వెలుతురు పళ్ళెమంత ఉంది. దాని అంచున మూడు ముఖాలు: అతని భార్య, ఈ మేడింటి కోడలు, ఆమె తోడికోడలు.

బావుల్లో పూడిక తీయడం అతని పని. అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో, ఊరంతా పాతాళమనే పిలుస్తారు. ఒకప్పుడు తాడు దగ్గర అతని తమ్ముళ్ళిద్దరూ, మరో ఇద్దరు మగవాళ్ళూ ఉండేవారు. వాళ్ళు లాగితే బుట్ట గాల్లో తేలినట్టు పోయేది. నలుగురూ ఒకరి వెనక ఒకరు పరాయి దేశాల్లో పనికి విమానమెక్కారు. పాతాళమూ బయల్దేరాడు గాని, ఊపిరితిత్తుల మీద మచ్చ ఉందని వైద్యపరీక్షలో వెనక్కి పంపేశారు.

"పైకెళ్ళేవాళ్ళంతా వెళ్ళిపోయారు. కిందికి దిగేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను" అని నవ్వేవాడు.

అలాగని ఆ సంపాదనను తిట్టుకోలేడు. తమ్ముళ్ళు పంపితేనే భార్యకు కంటి ఆపరేషన్ అయింది. గుడిసెల వీధిలో మేడలు లేచాయి. పస్తు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. అయితే ప్రతి మేడకూ ఒక బోరు, పక్కింటికంటే లోతుగా వెయ్యాలని ప్రతివాళ్ళకూ పంతం. ముందు బావులు ఎండాయి. ఈ వేసవిలో బోర్లూ గాలి కక్కాయి. అప్పుడు మేడింటి కోడలికి ఏళ్ళ తరబడి రేకు కప్పి వదిలేసిన ఈ బావి గుర్తొచ్చింది.

పొద్దున దిగేముందు అతను లాంతరు దించి చూశాడు. మంట ఆరలేదు గాని, ముడుచుకుపోయి నీలంగా వణికింది.

"లోపల గాలి బాగున్నట్టు లేదయ్యా. ఇవాళొద్దు" అంది భార్య.

కోడలు ఫోన్ తెచ్చి అతని ముఖానికి పట్టింది. అందులో ఆమె భర్త, నెత్తిన ఇనపటోపీ. తాడు పట్టిన నలుగురిలో అతనూ ఒకడు.

"మామా, నువ్వు కాకపోతే ఇంకెవరున్నారు చెప్పు? ట్యాంకర్ కూడా రావట్లేదంట. పిల్లలు అల్లాడిపోతున్నారు."

"నువ్వుంటే మధ్యాహ్నానికి తేల్చేసేవాళ్ళం రా" అన్నాడు పాతాళం.

లాంతరు పక్కన పెట్టి బావిలోకి దిగాడు.

పొద్దు వాలేవేళకు గునపం దిగినచోట మన్ను మెత్తబడింది. వేళ్ళ సందుల్లోకి చల్లగా ఏదో పాకింది.

"ఊరుతోందే!" అని అరిచాడు. పైన ఆడవాళ్ళు చిన్నపిల్లల్లా నవ్వారు. అతనికీ నవ్వొచ్చింది. ఆ అరుపుతో పోయిన ఊపిరి మాత్రం తిరిగి అందలేదు. తొడలు బరువెక్కాయి. ఎక్కడలేని నిద్ర ముంచుకొచ్చింది. చేతిలో ఉన్న బుట్ట నింపి పంపాడు. ఖాళీ తాడు దిగాక నడుముకు చుట్టుకున్నాడు. ఎన్నడూ జారని ముడి జారింది. మళ్ళీ వేశాడు.

"లాగండి" అన్నాడు. ఆ మాట అతనికే వినబడలేదు.

తాడు బిగిసింది. రెండు నిలువుల ఎత్తు లేచి, అక్కడే ఆగిపోయాడు. భార్య గట్టుకు కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలింది. "ఎవరైనా రండి! ఒక్క మగమనిషైనా రండి!" అని కోడలు గొంతు చించుకుంది. మేడల్లోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. చేతికర్ర ఊతంగా ఒక ముసలాయన వచ్చాడు. బురదకు జారుడెక్కిన తాడు మాత్రం వాళ్ళ అరచేతులను ఒలుచుకుంటూ కొంచెం కొంచెంగా కిందికే పోయింది.

పక్క ఊరి నుంచి మనుషులొచ్చి పాతాళాన్ని పైకి తీసేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఒంటిమీద చిన్న గాయం కూడా లేదు, ఊపిరీ లేదు. భార్య చర్మం లేచిన అరచేతులతో అతని ముఖం మీది బురద తుడిచింది.

"నేను వదల్లేదయ్యా" అంది మెల్లగా. "నేను వదల్లేదు."

అతణ్ణి తీసుకువెళ్ళాక బావి దగ్గర ఎవరూ మిగల్లేదు. అతను పంపిన ఆఖరి బుట్ట గట్టు మీదే ఉంది. అందులోని బురద నుంచి నీళ్ళు ఊరి, వెదురు బద్దల సందుల్లోంచి రాతి మీదికి సన్నగా కారుతూనే ఉన్నాయి.