రెండంకెల చోటు

“రెండంకెల చోటు చాల్లేమే, నూరు దాకా మనం యాడ పోతాం?” అని నా కొడుకు వీరేష్ తన పెళ్ళాంతో అన్నప్పుడు నేను ఆ గదిలోనే విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాను. విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి, పప్పు చీలితే మొలకెత్తదు. గోరు అరిగిపోయే ఆ పనిని మా ఇంట్లో పనిగా ఎవరూ అనుకోరు. ఆ పని చేసే ముసలిదానికి చెవులున్నాయని కూడా అనుకోరు.

బెళుగుప్పలో వాడి అంగడి. సెల్‌ఫోను నుంచే బోరు మోటారును ఆన్, ఆఫ్ చేసే పెట్టెలు అమ్ముతాడు. పెట్టె లోపలి ప్రోగ్రాం మొత్తం రాసేది నా కోడలు త్రివేణి. బోర్డు మీద ఆమె పేరు లేదు. బెంగళూరులో ఉద్యోగం మాన్పించి తెచ్చుకున్నాడు. జీతం మాట ఎత్తితే, “ఇంట్లో కూచోని చేసేదానికి జీతమేంది? సంగటి కెలికి పెట్టినందుకు గూడా అడుగుతావా?” అన్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకొని, రైతుకు జవాబు చెబుతూ ఆమె సంగటి కెలకడం నేను రోజూ చూశాను. చూసి ఊరకున్నాను.

ప్రోగ్రాం మార్చినప్పుడల్లా దానికో నంబరు ఉంటుంది. అందులో మూడు భాగాలు. పెద్ద మార్పుకు మొదటిది, ఓ మోస్తరు మార్పుకు మధ్యది, చిల్లర సవరింపుకు చివరిది. పెట్టె పోల్చుకోవడానికి వీలుగా మూడింటినీ కలిపి ఒకే సంఖ్యగా రాస్తారు. మధ్యదానికి రెండంకెల చోటు, చివరిదానికి రెండంకెల చోటు. రెండు, ఏడు, మూడు అయితే 20703. కొత్తగా వచ్చిన ప్రోగ్రాం సంఖ్య తనలో ఉన్నదానికంటే పెద్దదైతేనే పెట్టె దాన్ని లోపలికి రానిస్తుంది. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చినదాన్ని నేను. త్రివేణి గీసి చూపిస్తే ఒక్కసారికే అర్థమైంది. మధ్యదానికి మూడంకెల చోటు ఉంచుదామని ఆమె మొదట్లోనే అడిగింది. పెట్టె ముందరి అద్దంలో ఐదంకెలే కనబడతాయి, ఆ అద్దాలు ముందే కొనేశానన్నాడు వీరేష్.

నూరు దాకా పోమన్నవాడే అక్కడికి తోలుకుపోయాడు. “చివరంకె మారిస్తే రైతు నమ్మడు, మధ్యది పెంచు” అనేవాడు. ఒక్క అక్షరం దిద్దినా మధ్యది పెరగాల్సిందే. రెండేళ్ళకు తొంభై తొమ్మిదికి చేరింది. ఇంక మొదటంకెను రెండు నుంచి మూడుకు మారుద్దామంది త్రివేణి. మూడును వాడు దాచిపెట్టుకున్నాడు, షామియానా వేసి, మండలం పెద్దమనుషులను పిలిచి విడుదల చేయాలని. మధ్యదాన్నే నూరు చెయ్యమన్నాడు.

“నూరు పెడితే ఆ చోట్లో పట్టదు. మొదటంకెలో కలిసిపోయి 30000 అయితాది. తనలో ఉండేది మూడే అనుకుంటాది పెట్టె,” అంది.

“పెట్టేమన్నా మనిషా, పొరబడేకి? చెప్పింది చెయ్ మే.”

చేసింది. నెల తర్వాత మూడో నంబరు తయారైంది. బోరులో నీళ్ళు అడుగంటితే మోటారును దానంతట అదే ఆపే ప్రోగ్రాం అది. దాని చివర ఒకటి తగిలించి 30001 చేద్దామని బతిమాలింది. “ఫ్లెక్సీల మీద సున్నాలు అచ్చయిపోయినాయి. ఒకటి పెడితే అప్పుడే రిపేరు వచ్చిందనుకుంటారు,” అన్నాడు. షామియానా వేశారు, శాలువాలు కప్పుకున్నారు. పెట్టెలు మాత్రం ఆ ప్రోగ్రాంను తీసుకోలేదు. తమలో ఉన్న సంఖ్యా అదే కదా. పెట్టే ఆపుతుందని రైతులు నమ్మి వదిలేస్తే, నీళ్ళు లేని బోర్లలో మోటార్లు ఆగకుండా తిరిగి కాలిపోయాయి. మా పెట్టె కొన్న కుళ్లాయప్ప చీనీకాయల తోటకు పదకొండు రోజులుగా తడి లేదు.

ఈ పొద్దున అతను నలుగురు రైతులతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. వీరేష్ వంటింట్లోకి వచ్చి త్రివేణి ముందు ఒక కాగితం పెట్టాడు. లెక్క రాక తానే తప్పు చేశానని అందులో ఉంది. కింద ఆమె సంతకం పెట్టాలి. దాన్ని రైతులందరి ఫోన్లకూ పంపుతాడట.

“ఇది నా పేరుతో బయటికి పోతే నాకింక యాడా పని ఇయ్యరు,” అంది. పాత కంపెనీవాళ్ళు ఆమెను సోమవారం రమ్మన్న సంగతి నాకొక్కదానికే తెలుసు.

“పనెందుకు నీకు, ఇంట్లో పడుండేదానికి?” నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పుమా. నీ మాటంటే వింటాది.”

వింటుంది. అదే నా భయం. సంతకం పెడితే ఆమె ఇంక ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంటుంది. నా కళ్ళకందని సన్నక్షరాలు చదివి వినిపిస్తుంది. మా అమ్మ బళ్ళారి ఆసుపత్రిలో, నేను టీ తెచ్చేలోపల పోయింది. నా మొగుడు కరువేడాది పనికని పోయి ఎక్కడో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. కూతురు ఈశ్వరి ఈ వీరేష్‌తోనే మాటామాటా పెరిగి ఇల్లు విడిచి పోయింది. పోయేముందు, “నా తరపున ఒక్క మాటన్నా అన్నావా మా?” అని అడిగింది. అప్పటినుంచీ వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, ఎవరు పోతున్నారోనని నా గుండె జారుతుంది. సంతకం పెట్టమ్మా అంటే ఈ ఒక్కతీ నాకు మిగులుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాచడమెందుకు, వచ్చింది.

మింగేసి అరుగు మీదికి పోయాను.

“కుళ్లాయప్పా, రెండంకెల చోటు చాలన్నది నా కొడుకు. నూరు పెట్టద్దన్నది కోడలు. సున్నాలే ఉండాలన్నది మళ్ళీ నా కొడుకే. మూడుసార్లూ నేను ఆడే ఉన్నా.”

“నీకేం తెలుసవ్వా కంప్యూటర్ లెక్క?”

“ఇద్దరు కూచునే సీట్లో మూడోవాడు దూరితే ఏమైతాది?”

“పక్క సీటోని మీద పడతాడు.”

“తొంభై తొమ్మిదంటే ఇద్దరు. నూరంటే ముగ్గురు. ఆ నూటిలోని ఒకటి పోయి పక్కనుండే రెండు మీద పడింది. రెండు మూడయింది. పెట్టె నిజంగా మూడనుకునింది.”

కుళ్లాయప్ప కాసేపు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. “ఏమప్పా వీరేషూ, ఫ్లెక్సీలో సున్నాల కోసరం మా మోటార్లు కాల్చినావా?”

నా వెనకే గడపదాకా వచ్చాడు వీరేష్. నాతో అన్నాడు, “రేపట్నుంచి నీకు కూడెవరు పెడతారో చూస్తా.”

“నాకు వండుకునేకి చేతులుండాయి. నీ సంగతి చూసుకో.”

లోపలికి వచ్చాను. త్రివేణి అంతా విన్నట్టుంది, కాగితం నాలుగు ముక్కలై పొయ్యి పక్కన పడుంది.

“పదకొండుకు కళ్యాణదుర్గం బస్సుండాది, ఆడ్నుంచి బెంగళూరుకు దొరుకుతాది. బట్టలు సర్దుకో,” అన్నాను.

సర్దుకుంది. “నువ్వొక్కదానివే ఈడ ఎట్లుంటావత్తా?” అంటూ బ్యాగు జిప్పు సగం లాగి ఆగింది.

పోయేవాళ్ళను చూసి భయపడటమే నాకు అలవాటు. ఉండిపోతుందేమోనని భయం వేయడం ఇదే మొదటిసారి.