తిరిగి రాని గిన్నె

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే శేషారత్నానికి మనుషులంటే ప్రేమే, వాళ్లకు జవాబులివ్వడమంటేనే ప్రాణం మీదికొస్తుంది. ఫోన్లో రోజుకు వంద పలకరింపులు. తెనాలి ఆడపడుచుకు జవాబివ్వకపోతే అలక, పెదనాన్నకు ఇవ్వకపోతే సాధింపు. అందుకే అపార్ట్‌మెంట్ సెక్రటరీ మురళీకృష్ణ ‘ఆప్యాయత’ అనే యాప్ గురించి చెప్పగానే ఎగిరి గంతేసింది. పది నిమిషాలు ఆమె గొంతు విని, అదే గొంతుతో అందరికీ జవాబులు పంపేస్తుంది ఆ యాప్. రోజు చివర ఎవరెవరు పలకరించారో ఒక్కో ముక్కలో చెబుతుంది.

నెల తిరిగేసరికి శేషారత్నం మంచిదైపోయింది. “ఎంత మారావమ్మా, నోరారా పలకరిస్తున్నావు” అని పెదనాన్న మురిసిపోయాడు. పలకరిస్తున్నది తాను కాదని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఊరికే వచ్చిన మంచిపేరు ఎవరు పోగొట్టుకుంటారు?

మంగళవారం సాయంత్రం పప్పు తీసిపెడదామని స్టీలు గిన్నె కోసం వెతికితే కనబడలేదు. ఆదివారం దాని నిండా పులిహోర పెట్టి కింది అంతస్తు భూలక్ష్మికి ఇచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

భూలక్ష్మిది నాదర్‌గుల్. అరవై దాటిన మనిషి. కొడుకు కొండల్ లారీ మీద నాగపూర్ వెళితే ఇంట్లో ఒక్కతే ఉంటుంది. చదువు రాదు గనక ఫోన్లో ఏం చెప్పాలన్నా మాట్లాడే పంపుతుంది. ఎవరి గిన్నె అయినా ఆవిడ ఇంట్లో రెండో రాత్రి ఉండదు. మర్నాడే తోమి, ఖాళీగా ఇవ్వకూడదని సర్వపిండి ముక్కో, గుప్పెడు చక్కెరో వేసి తెచ్చిస్తుంది. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

శేషారత్నానికి భయం వేసింది. ఫోన్ తీసి చూస్తే సోమవారం కింద ‘భూలక్ష్మి గారు పలకరించారు, ప్రేమగా జవాబిచ్చాం’ అని మాత్రం ఉంది.

పరుగున కిందికి దిగింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎంత బాదినా పలుకు లేదు. చప్పుడు విని వచ్చిన మురళీకృష్ణ వడ్రంగి కోసం పరుగెత్తాడు. శేషారత్నం మెట్ల మీద కూలబడి, ఫోన్లో భూలక్ష్మి పంపిన మాటలను, వాటికి యాప్ ఇచ్చిన జవాబులను మొదటిసారిగా విన్నది.

సోమవారం పొద్దున: “రత్నమ్మా, బాత్రూంల జారి పడ్డ. నడుము లేస్తలేదు. జర కిందికి రా.”

“అయ్యో వదినా! కదలకండి, ఇదిగో వస్తున్నాను.”

అచ్చంగా తన గొంతే.

మధ్యాహ్నం: “ఒస్తున్నవా? దూప అయితుంది, గొంతు ఎండుతుంది.”

“బయలుదేరాను వదినా. ధైర్యంగా ఉండండి.”

సాయంత్రం: “కొండల్‌కు ఫోన్ చేద్దామనుకున్న. ఆడు పరేషాన్ అయితడు. నువ్వు ఒస్తనన్నవ్ గదా అని చెయ్యలే.”

“మంచి పని చేశారు వదినా. నేనున్నానుగా.”

మంగళవారం పొద్దున వచ్చినదాంట్లో మాటల్లేవు, మూలుగు మాత్రం ఉంది. దానికీ జవాబు వెళ్లింది. “మీ గొంతు వింటే ఎంత హాయిగా ఉందో వదినా. వచ్చేస్తున్నాను.”

శేషారత్నం నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తనమీద తనకే అసహ్యం పుట్టింది.

వడ్రంగి తలుపు ఊడదీశాడు. వంటింటి గట్టు మీద తోమిన గిన్నె, అందులో రెండు సర్వపిండి ముక్కలు ఉన్నాయి. బాత్రూం గడప మీద భూలక్ష్మి పడి ఉంది. పెదవులు పగిలిపోయాయి. చేతికి అందేంత దూరంలో ఫోన్ ఉంది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

మురళీకృష్ణ అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా, శేషారత్నం ఆమె తల ఒళ్లోకి తీసుకుంది.

“వదినా, నేను. వచ్చాను.”

భూలక్ష్మి కళ్లు తెరవలేదు. ఆ ఒళ్లోనే తలను మెల్లగా ఫోన్ వైపు తిప్పింది.

“ఎన్నిసార్లంటవ్ రత్నమ్మా, గా మాట” అంది.